అలసందలు

అలసందలు లేదా బొబ్బర్లు ఫాబేసి (చిక్కుడు) కుటుంబమునకు చెందిన ఒక పప్పుధాన్యము. దీని శాస్త్రీయ నామము విగ్నా అంగ్విక్యులేటా. గింజ కాయను అంటుకొని ఉండిన చోట కన్ను వంటి చిన్న మచ్చ ఉంటుంది. తెల్లని గింజపై ఈ మచ్చ చుట్టూ నల్లని వలయము గల రకమును ఆంగ్లములో బ్లాక్ ఐడ్ పీ అంటారు. జాతి మొత్తమునకు కౌపీ అని పేరు. తెలుగు ప్రాంతములన్నింటిలోను ఇవి వాడుకలో ఉన్నప్పటికీ, అనంతపురము పీఠభూమిలో వీటికి ప్రత్యేక స్థానము కలదు. ఇక్కడ అలసంద ఎప్పుడూ ప్రధాన పంట కాదు. ప్రధాన పంటకు తోడుగా సాళ్ళలో వేసే పంట. వాన తప్పి ప్రధాన పంట పోయిన సంవత్సరములో ఇంటికి గింజను, పశువుకు మేతను మిగిల్చిన పంటలలో ఇది ఒకటి.

ఈ వ్యాసములో అనంతపురము అనగా పూర్వపు ఉమ్మడి జిల్లా ప్రాంతము. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజింపబడినది.

పేర్లు

తెలుగులో ఈ గింజకు ముఖ్యముగా రెండు పేర్లు ఉన్నాయి. రాయలసీమలోను, దానిని ఆనుకొన్న దక్షిణ కోస్తా ప్రాంతములలోను అలసందలు లేదా అలచందలు అంటారు. కోస్తా జిల్లాలలో ఎక్కువగా బొబ్బర్లు అంటారు. తెలంగాణలో ఇదే మాట బబ్బెర్లు అని వినిపిస్తుంది. రాయలసీమలో గుగ్గిళ్ళు అనే వంటకమును తెలంగాణలో గుడాలు అంటారు. కనుక ఒక చోటి అలసంద గుగ్గిళ్ళు, మరొక చోటి బబ్బెర గుడాలు ఒకే పదార్థము.

ఇతర భాషలలో పేర్లు:

- కన్నడము: అలసందె
- తమిళము: కారామణి, తట్టైప్పయఱు
- మలయాళము: వన్‌పయర్
- మరాఠీ: చవళీ
- హిందీ: లోబియా, చౌలీ
- బెంగాలీ: బర్బటి
- సంస్కృతము: రాజమాషము

అలసంద అనే మాట కన్నడములోను, తెలుగులోను దాదాపు ఒకే రూపములో ఉన్నది. అనంతపురము ప్రాంతమునకు పడమర, దక్షిణ దిక్కులలో కర్ణాటకలోని బళ్ళారి, చిత్రదుర్గ, తుమకూరు, చిక్కబళ్ళాపుర జిల్లాలు ఉన్నాయి. మడకశిర, రాయదుర్గము వంటి సరిహద్దు ప్రాంతములలో రెండు భాషలూ మాట్లాడేవారు ఎక్కువ. కాబట్టి ఇక్కడి సంతలో ఈ గింజ పేరు చెప్పుటకు భాష మార్చవలసిన పని లేదు. అనంతపురమువారు విజయవాడలో అడిగినపుడు మాత్రము పేరు మార్చవలసి రావచ్చును.

ప్యాకెట్లపై లోబియా, బొబ్బర్లు, అలసందలు అని వేరువేరుగా అచ్చు వేసినను గింజ ఒక్కటే. అయితే అనుములు, రాజ్మా ఇంకొక జాతులకు చెందినవి. అనుము శాస్త్రీయ నామము లాబ్‌లాబ్ పర్పూరియస్. రాజ్మా అమెరికా ఖండము నుండి వచ్చిన ఫేసియోలస్ వల్గారిస్ జాతి గింజ.

వ్యుత్పత్తి

అలసంద అనే పదమునకు, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరము పేరునకు సంబంధము ఉన్నదని ఒక వాదము కలదు. ఈ వాదమునకు ఆధారముగా రెండు విషయములు చూపుతారు. మొదటిది, పాలీ భాషలో అలెగ్జాండ్రియా అనే పేరు అలసంద అని మారినది. మిళిందపన్హ అనే బౌద్ధ గ్రంథములో యవన రాజు మిళిందుడు (మెనాండర్) తాను అలసందలో జన్మించినట్లు చెబుతాడు. రెండవది, జైనుల భగవతీ సూత్రములోని ధాన్యముల జాబితాలో పెసర, మినుము, ఉలవలతో పాటు ఆలిసందగ అనే పేరు ఉన్నది. దీనిని అలసందగా గుర్తిస్తారు.

అయితే ఈ వాదమును అంగీకరించుటలో కొన్ని చిక్కులు ఉన్నాయి. అలెగ్జాండరు తన పేరుతో అనేక నగరములు స్థాపించాడు. మిళిందుడు చెప్పినది ఈజిప్టులోనిదా, నేటి ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతములోనిదా అన్న విషయములో పండితులకు ఏకాభిప్రాయము లేదు. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా క్రీ.పూ. 331లో స్థాపింపబడినది. అలసంద మొక్క అంతకు వెయ్యి సంవత్సరములకు పైగా ముందే భారతదేశమునకు చేరినది. కావున పదము నిజముగా ఆ నగరము నుండి వచ్చినదే అయినను, మొక్క మాత్రము ఆ నగరము నుండి వచ్చినది కాదు. అప్పటికే ఇక్కడ ఉన్న పంటకు తరువాత వర్తకము ద్వారా వచ్చిన పేరో, క్రొత్త రకమో తోడై ఉండవచ్చును. రెండు పదముల ధ్వనిసామ్యము మాత్రమే వ్యుత్పత్తిని నిరూపించదు.

లోబియా అనే పేరు ప్రయాణము ఇంతకంటె స్పష్టముగా తెలియును. గ్రీకు భాష నుండి అరబ్బీ, పారసీక భాషల ద్వారా ఇది హిందీ, ఉర్దూలకు వచ్చినది. శాస్త్రీయ నామములోని విగ్నా అనే పదము 17వ శతాబ్దపు ఇటలీ వృక్షశాస్త్రవేత్త డొమెనికో విగ్నా పేరు మీద ఏర్పడినది. అంగ్విక్యులేటా అనగా లాటిన్ భాషలో చిన్న గోరు కలది అని అర్థము. 1753లో లిన్నేయస్ ఈ మొక్కను డోలికోస్ ప్రజాతిలో చేర్చి వర్ణించాడు. తరువాతి కాలములో దీనిని విగ్నా ప్రజాతిలోనికి మార్చారు. పాత నిఘంటువులలో డోలికోస్ అనే పేరు కనిపించుటకు ఇదే కారణము.

చరిత్ర

అలసంద ఆఫ్రికా ఖండములో పుట్టిన పంట. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశములో, కింటాంపో సంస్కృతికి చెందిన తవ్వకాలలో క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది నాటి అలసంద గింజలు లభించాయి. అదే సహస్రాబ్దిలో ఈ పంట భారత ఉపఖండమునకు చేరినది. జొన్న, సజ్జ, రాగి కూడ ఆఫ్రికా నుండి వచ్చినవే. నేడు రాయలసీమ సంప్రదాయ ఆహారముగా చెప్పుకొనే సంగటి, రొట్టె, అలసంద వడలకు మూలమైన ధాన్యములన్నీ ఆ విధముగా ఒకే ఖండము నుండి వచ్చాయి.

భారతదేశము నుండి ఈ పంట తూర్పు ఆసియాకు వ్యాపించినది. అక్కడ పొడవైన కాయల కొరకు పెంచే రకము వృద్ధి చెందినది. దీని కాయలు మూర పొడవున పెరుగుతాయి. వీటిని కూరగాయగా వాడుతారు. ఆఫ్రికా నుండి బానిసలుగా తరలింపబడిన ప్రజలతో పాటు అలసంద అమెరికా ఖండములకు చేరినది.

మొక్క

అలసంద ఏకవార్షిక మొక్క. కొన్ని రకములు గుబురుగా, కొన్ని తీగలుగా పెరుగుతాయి. ఆకులో మూడు పత్రకములు ఉంటాయి. పూలు తెలుపు, లేత ఊదా లేదా పసుపు రంగులలో ఉంటాయి. గింజలు తెలుపు, ఎరుపు, గోధుమ, నలుపు రంగులలోను, మచ్చలతోను ఉంటాయి.

వర్షాభావమును తట్టుకొను శక్తి ఈ మొక్కకు ఎక్కువ. దీని తల్లివేరు లోతుకు పోతుంది. నేలలో తేమ తగ్గగానే ఆకులలోని పత్రరంధ్రములు త్వరగా మూసుకొంటాయి. ఎండ తీవ్రముగా ఉన్నపుడు ఆకులు సూర్యకిరణములకు సమాంతరముగా తిరిగి, వేడిని తక్కువగా గ్రహిస్తాయి. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి. అందువలన ఎరువు వేయలేని నేలలో కూడ పంట కొంతవరకు పండుతుంది. నీరు నిలిచే నేల మాత్రము దీనికి పనికిరాదు.

అనంతపురము పీఠభూమిలో సాగు

అనంతపురము దేశములో అతి తక్కువ వర్షము కురిసే ప్రాంతములలో ఒకటి. సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మి.మీ. పడమటి కనుమల చాటున ఉన్నందున నైరుతి రుతుపవనములు ఇక్కడికి బలహీనపడి వస్తాయి. తూర్పు తీరమునకు దూరమైనందున ఈశాన్య రుతుపవనముల వలన కూడ ఎక్కువ ప్రయోజనము ఉండదు. నేలలో అధిక భాగము లోతు తక్కువ గల ఎర్రనేల. ఇది తేమను ఎక్కువ రోజులు నిలుపుకొనలేదు. మొత్తము వాన ఎంత కురిసినదన్నదాని కంటె, రెండు వానల మధ్య ఎన్ని రోజుల ఎడము వచ్చినదన్నదే పంటను నిర్ణయిస్తుంది.

ఈ పరిస్థితులకు తగినట్లు ఇక్కడి రైతులు పూర్వము నుండి ఒకే చేనిలో పలు పంటలు వేసే పద్ధతిని పాటించారు. జొన్న, సజ్జ, కొర్ర లేదా వేరుశనగ సాళ్ళ మధ్య కంది, అలసంద, అనుము, పెసర, ఆముదము వంటివి వేసేవారు. విత్తునపుడు గొర్రు వెనుక తాళ్ళతో కట్టిన ప్రత్యేక వెదురు గొట్టము ద్వారా సాలు పంట గింజలను వదులుతారు. ఈ పంటలు ఒకే సమయమునకు కోతకు రావు. పెసర, అలసంద రెండున్నర, మూడు నెలలలో చేతికి వస్తాయి. కంది, ఆముదము చలికాలము వరకు చేనిలో ఉంటాయి. ఆగస్టులో వాన తప్పితే ఒక పంట, అక్టోబరులో తప్పితే మరొక పంట దెబ్బతింటుంది. అన్నీ ఒకేసారి పోవుట అరుదు.

అలసంద కాయలు ఒక్కసారిగా పండవు. అందువలన పండిన కాయలను రెండు, మూడు విడతలుగా కోస్తారు. ఈ పని ఎక్కువగా స్త్రీలు చేస్తారు. లేత కాయలు కూరకు, ఎండు గింజలు నిల్వకు, తీగలు, పొట్టు పశువుల మేతకు ఉపయోగపడతాయి. అమ్మకమునకు కాక ఇంటి వాడుకకు ఉంచుకొనే పంట కావున దీని విలువ లెక్కలలో తక్కువగా కనిపిస్తుంది.

విడి పంటగా వేసినపుడు ఎకరమునకు సుమారు 8 నుండి 10 కిలోల విత్తనము అవసరము. సి-152, జి.సి.-3, వి-240 సాగులో ఉన్న రకములలో కొన్ని.

వేరుశనగ విస్తరణ

20వ శతాబ్దము ద్వితీయార్ధములో అనంతపురము పంటల తీరు పూర్తిగా మారినది. స్థానికముగా శెనక్కాయలు, బుడ్డలు అని పిలిచే వేరుశనగ, నూనె మిల్లుల గిరాకీ వలన చేతికి డబ్బు తెచ్చే పంట అయినది. 1990ల నాటికి దీని విస్తీర్ణము ఏడు లక్షల హెక్టార్లను దాటినది. దేశములో మరే జిల్లాలోను ఇంత విస్తీర్ణములో వేరుశనగ వేసేవారు కాదు. చిరుధాన్యములు చాలవరకు తొలగిపోయాయి. వాటితో పాటు సాలు పంటలు కూడ తగ్గాయి. పూర్వము పంట పోతే కొన్ని గింజలైనా ఇంటికి వచ్చేవి. వేరుశనగ ఒక్కటే వేసిన చేనిలో పంట పోతే అప్పు మాత్రమే మిగిలేది.

ఒకే పంట వలన కలిగే ప్రమాదము 2000 సంవత్సరము ఖరీఫ్‌లో స్పష్టముగా తెలిసినది. ఆ యేడు వేరుశనగకు కాండము కుళ్ళు తెగులు సోకి, జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టము 300 కోట్ల రూపాయలకు పైగా ఉన్నదని అంచనా. ఈ తెగులుకు టొబాకో స్ట్రీక్ అనే వైరస్ కారణమని శాస్త్రవేత్తలు నిర్ధారించారు. బీళ్ళలోను, గట్లపైన పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడిలో ఈ వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని వేరుశనగ ఆకుల మీదికి చేరుస్తాయి. ప్రయోగశాలలో ఈ వైరస్‌ను గుర్తించుటకు సి-152 రకము అలసంద మొక్కను ఉపయోగిస్తారు. తెగులు సోకిన ఆకు రసమును అలసంద ఆకుపై రుద్దిన కొద్ది రోజులలో మచ్చలు ఏర్పడతాయి. దీనిని బట్టి అలసందకు కూడ ఈ వైరస్ సోకుతుందని గ్రహించాలి. అందువలన తెగులు నివారణకు చేను చుట్టూ జొన్న లేదా సజ్జ సాళ్ళు వేయమని సిఫారసు చేశారు. ఎత్తుగా పెరిగే ఈ పైర్లు తామర పురుగులను అడ్డుకొంటాయి.

వేరుశనగను ఆశించే ఎర్ర గొంగళి పురుగు విషయములో మాత్రము అలసంద సహాయకారి. ఈ పురుగు అలసంద, ఆముదము మొక్కల వైపు ఆకర్షింపబడుతుంది. అందువలన వాటిని ఎర పంటలుగా వేసి, వాటిపై చేరిన పురుగులను ఏరి నాశనము చేస్తారు.

ప్రత్యామ్నాయ పంటగా

అనంతపురములో వేరుశనగ విత్తుటకు తగిన వానలు జూలైలో రాకపోతే, ఆ తరువాత విత్తిన పంటకు దిగుబడి బాగా తగ్గుతుంది. అటువంటి సంవత్సరములలో స్వల్పకాలిక పంటలను వ్యవసాయ శాఖ ప్రత్యామ్నాయముగా సూచిస్తుంది. ఉలవ, అలసంద, పెసర, జొన్న, కొర్ర వీటిలో ముఖ్యమైనవి. పుష్యమి, ఆశ్లేష కార్తెలలో (జూలై చివరి వారము నుండి ఆగస్టు మధ్య వరకు) పదును దొరికితే అలసంద వేయవచ్చును. మరీ ఆలస్యమైతే ఉలవ ఒక్కటే మిగులుతుంది. ఈ విత్తనములను ప్రభుత్వము సబ్సిడీపై సరఫరా చేసిన సంవత్సరములు పలుమార్లు ఉన్నాయి.

ఇక్కడ గమనించదగిన విషయము ఒకటి ఉన్నది. ఒకప్పుడు అలసంద గింజ ప్రతి ఇంటిలోను మరుసటి యేటికి దాచిపెట్టి ఉండేది. వాన పడిన మరునాడే విత్తుకొనుటకు వీలుండేది. ఇంటి విత్తనము లేనివారు సరఫరా కొరకు వేచి ఉండవలసి వస్తుంది. ఎర్రనేలలో పదును నాలుగైదు రోజుల కంటె నిలువదు. కావున విత్తనము ఆలస్యమైతే వాన కురిసినను ప్రయోజనము ఉండదు.

2010ల తరువాత వేరుశనగ విస్తీర్ణము తగ్గుతూ వచ్చినది. చెన్నేకొత్తపల్లి ప్రాంతములో 1990లో ప్రారంభమైన టింబక్టు కలెక్టివ్ వంటి సంస్థలు చిరుధాన్యములను, సాలు పంటలను ప్రోత్సహించాయి. రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమములో వర్షములకు ముందే పలు రకముల విత్తనములను కలిపి చల్లే పద్ధతి ఉన్నది. ఆ విత్తనములలో అలసంద కూడ ఒకటి.

నిల్వ

అలసంద గింజకు ప్రధాన శత్రువు పుచ్చు పురుగు. ఇది చేనిలోనే కాయపై గుడ్లు పెట్టి, గింజతో పాటు ఇంటికి చేరుతుంది. నిల్వలో వేగముగా పెరిగి, కొద్ది నెలలలో గింజలను డొల్ల చేస్తుంది. దీనిని నివారించుటకు గింజలను బాగా ఎండబెట్టి బూడిద కలుపుట, వేపాకు వేయుట, ఆముదము పట్టించుట, ఎర్రమట్టి పూసి ఆరబెట్టుట వంటి పద్ధతులు పాటిస్తారు. గింజల మధ్య బూడిద నిండినపుడు పురుగులు తిరుగలేవు. నూనె పూత గుడ్లకు గాలి అందకుండా చేస్తుంది. విత్తనమునకు ఉంచిన గింజలను కుండలలో పోసి మూతి మూసివేస్తారు.

వంటకాలు

- అలసంద వడలు: రాయలసీమలో పేరు పొందిన వంటకము. గింజలను ఆరు నుండి ఎనిమిది గంటలు నానబెట్టి, నీరు వార్చి, పచ్చిమిరపకాయలు, అల్లము, ఉప్పు చేర్చి గట్టిగా, కొంచెము పలుకుగా రుబ్బుతారు. ఉల్లిపాయ ముక్కలు, కరివేపాకు, కొత్తిమీర కలిపి, చేతితో తట్టి నూనెలో వేయిస్తారు. నాటుకోడి పులుసుతో గాని, పండుగలలో పాయసముతో గాని తింటారు. పిండిలో నీరు ఎక్కువైతే వడలు నూనె పీల్చుకొంటాయి.
- గుగ్గిళ్ళు: నానబెట్టిన గింజలను ఉప్పు వేసి ఉడికించి, ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకుతో తాలింపు వేస్తారు. వినాయక చవితి, దసరా రోజులలో నైవేద్యముగా పెట్టి పంచుతారు.
- చారు: గింజలు ఉడికించిన నీటిని పారబోయక, చింతపండు, కారము చేర్చి చారు కాస్తారు. గింజలు గుగ్గిళ్ళకు, నీరు చారుకు ఉపయోగపడతాయి.
- పప్పు, కూర: అలసందలను వంకాయతో గాని, ఆకుకూరతో గాని కలిపి వండి రాగి సంగటితో తింటారు.
- లేత కాయల వేపుడు: గింజ ముదరక ముందు కాయలను త్రుంచి కూర చేస్తారు. లేత ఆకులను కూడ ఆకుకూరగా వాడవచ్చును.

అలసంద వడకు దగ్గరి చుట్టము పశ్చిమ ఆఫ్రికాలో ఉన్నది. నైజీరియాలో నానబెట్టిన అలసందలను పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ, మిరపకాయ చేర్చి నూనెలో వేయించే వంటకమును అకర అంటారు. బానిస వ్యాపారము ద్వారా బ్రెజిల్‌కు చేరిన ఈ వంటకము అక్కడ అకరజే అయినది. అమెరికా దక్షిణ రాష్ట్రములలో నూతన సంవత్సరము రోజున అలసందలను బియ్యముతో వండి తినుట శుభమని భావిస్తారు. ఆ దేశమునకు వెళ్ళిన తెలుగువారు అంగడులలో బ్లాక్ ఐడ్ పీస్ అనే పేరుతో కొనేది ఈ గింజనే.

పోషక విలువలు

100 గ్రాముల ఎండు అలసందలలో సుమారుగా ఉండే పోషకములు:

- మాంసకృత్తులు: 21–24 గ్రా.
- పిండి పదార్థములు: 53–60 గ్రా.
- పీచు పదార్థము: 10–12 గ్రా.
- క్రొవ్వు: 1–2 గ్రా.
- ఇనుము: 5–8 మి.గ్రా.

ఫోలేటు అనే బి-విటమిను వీటిలో అధికము. అలసంద మాంసకృత్తులలో లైసిన్ ఎక్కువ, మిథియోనిన్ తక్కువ. రాగి, జొన్న వంటి ధాన్యములలో లైసిన్ తక్కువ. కావున సంగటితో గాని రొట్టెతో గాని అలసందలను కలిపి తిన్నపుడు ఒకదాని లోపమును మరొకటి పూరిస్తుంది. వీటిలోని కొన్ని చక్కెరలు త్వరగా జీర్ణము కాక కడుపుబ్బరము కలిగిస్తాయి. నానబెట్టిన నీటిని వంపివేసి, క్రొత్త నీటిలో ఉడికించుట వలన ఇది కొంత తగ్గుతుంది.

ఆచారాలలో

తెలుగువారి నవధాన్యములలో అలసందలు ఒకటి. నవగ్రహములలో శుక్రునికి ఈ ధాన్యమును చెబుతారు. గోధుమలు సూర్యునికి, వడ్లు చంద్రునికి, కందులు కుజునికి, పెసలు బుధునికి, శనగలు గురునికి, నువ్వులు శనికి, మినుములు రాహువునకు, ఉలవలు కేతువునకు చెందినవి. ఆయుర్వేద గ్రంథములలో రాజమాషము అనే పేరుతో దీని గుణములు వర్ణింపబడినవి.

ఇవి కూడా చూడండి

- ఉలవలు
- అనుములు
- వేరుశనగ
- రాగి సంగటి
- నవధాన్యాలు
- అనంతపురం జిల్లా